జీతము వేరు, ఇనాము వేరు

పఠన భాగము: ఆదికాండము 29:15–30, 31:36–42, ద్వితీయోపదేశకాండము 15:12–14, 24:14–15.

యాకోబు స్వదేశము విడిచి, పరాయిచోట మరియొకని మందలు కాచి బ్రదికినవాడు. జక్రాన్‌పల్లి, ఆర్మూరు, డిచ్‌పల్లి ప్రాంతములవారికి ఇది దూరపు కథ కాదు. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశములలో కట్టుబడి పనులు విస్తరించిన కాలమునుండి మన జిల్లావారు అక్కడికి పోవుచునే యున్నారు. బోధను శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. ఇంటివద్ద నెలజీతము దొరకు చోట్లు అంతకు మునుపే కొద్ది.

లాబాను మొదట యాకోబును అడిగినది మంచి ప్రశ్నయే: నీకు జీతమేమి కావలెను? యాకోబు ఏడేండ్ల కొలువునకు ఒప్పుకొనెను. ఏడేండ్లు ఇరువదియేండ్లాయెను, ఆ కాలములో జీతము పది పర్యాయములు మారెను. పగటి ఎండ, రాత్రి చలి, నిద్రలేమి, ఇవన్నియు 31వ అధ్యాయములో యాకోబు లాబాను ముఖము ఎదుటనే చెప్పుచున్నాడు. నేటి లేబర్ క్యాంపులో మంచముపై మంచము వేసిన గదిలో పండుకొని, తెల్లవారకముందే బస్సు ఎక్కువానికి ఆ మాటలు వివరించి చెప్పనక్కరలేదు.

మన ఊళ్లలో వినబడు మాట ఒకటి కలదు. హోటలు పనికో, కార్లు కడుగు పనికో, క్షౌరపు దుకాణమునకో మనుష్యులు కావలెనని ఏజెంటు వచ్చును. జీతమెంత అని అడిగినయెడల, "జీతం జర తక్కువనే గని, టిప్పులు మస్తుంటయి కాకా" అనును. ఆ మాటమీద అప్పు తెచ్చినవారును, ఎకరము కుదువబెట్టినవారును కలరు. కాబట్టి ఈ టిప్పు అనునదేమో కొంచెము నిదానముగా విచారింతము. మనము చాయ్‌పైసలు, ఇనాము, బక్షీసు అనునది అదియే.

దేశమును బట్టి ఈ ఆచారము మారును. జపానులో భోజనశాలవాడు టిప్పు పుచ్చుకొనడు. బల్లమీద పైకము విడిచిపోయినయెడల, మరచిపోయిరని తలంచి వెంటబడి తిరిగి ఇచ్చుటయు కలదు. ఫ్రాన్సులో సేవ ఖర్చు బిల్లులోనే చేరియుండును. పైన ఇచ్చు చిల్లర ఇష్టము. అమెరికాలోనైతే నూటికి 15 మొదలు 20 వరకు ఇయ్యకపోవుట తప్పుగా ఎంచబడును. అక్కడి బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు దీనికి నివ్వెరపోవుదురు. అమెరికావారు మనకంటె ఉదారులని దీని అర్థము కాదు. టిప్పులు పుచ్చుకొను పనివానికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలునని అక్కడి కేంద్ర చట్టము. 1991 నుండి ఆ అంకె మారలేదు. మిగిలినది టిప్పులతో కలిసి 7 డాలర్ల 25 సెంట్లు కావలెను. కాకపోయినయెడల లోటు యజమాని పూరింపవలెను. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములలో మాత్రము యజమానియే పూర్తి కనీసకూలి ఇయ్యవలెను. తక్కిన చోట్ల భోజనమునకు వచ్చినవాడే వడ్డించినవాని కూలిలో పెద్దపాలు భరించుచున్నాడు.

దీని వెనుక ఒక చరిత్ర కలదు. అమెరికాలో దాస్యము తొలగిన తరువాత పుల్‌మన్ కంపెనీ తన నిద్రబోగీలలో సేవకు విడుదలపొందిన నల్లవారిని పెట్టుకొనెను. జీతము స్వల్పము; ప్రయాణికుల చేతి చిల్లరయే ఆధారము. చిల్లర కొరకు నవ్వవలెను, మాటపడవలెను. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున వారు సంఘముగా కూడిరి. పండ్రెండేండ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందము వ్రాయించుకొనిరి. వారు అడిగినది ఎక్కువ ఇనాము కాదు, జీతము.

ఇక గల్ఫ్ సంగతి. టిప్పు దొరకు పనులు అక్కడ కలవు: హోటలులో వడ్డన, సామాను ఇంటికి చేర్చుట, క్షౌరము. తాపీపని, ఇనుము కట్టుట, ఎడారిలో గొఱ్ఱెలు కాచుట, వీటికి టిప్పిచ్చువాడెవడు? మనవారిలో అనేకులు పోవునది ఈ పనులకే. మరియు టిప్పు దొరకిన పనిలోను ఒక నష్టము దాగియున్నది. పని ముగించి వచ్చునప్పుడు ఇయ్యవలసిన సర్వీసు డబ్బు దుబాయి మొదలగు ఎమిరేట్లలో మూలజీతము మీదనే లెక్కింపబడును: మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినముల జీతము, ఆ పైన 30 దినములది. ఖతారులో ఏడాదికి మూడు వారములకు తక్కువ కారాదు. 800 దిర్హముల మూలజీతగానికి ఐదేండ్లకు 2,800 దిర్హములు వచ్చును. 1,200 వానికి 4,200. మొదటివాడు నెలనెలా టిప్పులతో రెండవవానికి సమానముగా సంపాదించినను, ఈ లెక్కలో టిప్పు చేరదు. ఇంగ్లీషులో ఇనామునకును ఈ సర్వీసు డబ్బుకును గ్రాట్యుటీ అను ఒకే మాట వాడుదురు. పేరు ఒకటైనను మొదటిది దయ, రెండవది హక్కు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము, విడుదలయగు దాసుని వట్టిచేతులతో పంపరాదని యజమానికి ఆజ్ఞయే ఇచ్చుచున్నది. అది వాని మనస్సునకు విడువబడలేదు. యాకోబు లాబాను మీద మోపిన చివరి నేరమును ఇదియే.

మన ఇండ్లవైపును చూతము. పెండ్లిలో వంటవారితోను బ్యాండువారితోను వంద రూపాయల కొరకు గంటసేపు బేరమాడుదుము. పిమ్మట పదిమంది ఎదుట, మైకులో పేరు చదివించుకొని, ఐదువందలు ఇనాము ఇత్తుము. పసుపు త్రవ్వ వచ్చిన ఆడవారి కూలి శనివారమునకు వాయిదా వేసి, పండుగకు చీర పెట్టుదుము. చీర మంచిదే, కాని ప్రొద్దు గ్రుంకకముందు ఇయ్యవలెనని 24:15లో చెప్పబడినది కూలిని గూర్చియే. కచేరీలో మనకు రావలసిన కాగితము కొరకు ఇచ్చు మామూలు ఈ రెంటిలోను చేరదు. అది లంచము, నిర్గమకాండము 23:8 చూడుడి.

పోవనున్న యౌవనస్థులు మన సంఘములలో ఉన్నయెడల, సంఘపెద్దలు వారిని పిలిచి ఒప్పందపు కాగితమును తెలుగులో చదివించి వినిపింపవలెను. మూలజీతమెంత? భోజనము, గది ఎవరివి? ఖతారులో 2021 మార్చినుండి కనీసజీతము నెలకు 1,000 రియాళ్లు. యజమాని గది ఇయ్యనియెడల 500, భోజనము ఇయ్యనియెడల 300 అదనము. పని ఎన్ని గంటలు? ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 వరకు ఎండలో పని చేయించుట నిషిద్ధము. తిరుగు టిక్కెట్టు ఎవరిది? ఏజెంటు లైసెన్సు గలవాడా? "టిప్పులు మస్తుంటయి" అన్నవానిని, ఆ మాట కాగితముమీద వ్రాయుమని అడుగుడి. వ్రాయడు. అప్పు లెక్క వేయునప్పుడు కాగితముమీద నున్న అంకెను మాత్రమే పట్టుకొనవలెను. ఆ కాగితము ప్రతి ఒకటి భార్యయొద్దనో తల్లియొద్దనో ఉంచి పోవలెను. అక్కడ దిగిన తరువాత వేరొక కాగితముమీద వ్రేలిముద్ర అడిగినయెడల, ఇంటికి ఫోను చేసి రెంటిని సరిచూచుకొనుటకు అదియే ఆధారము.