చూసింది రాయండి, నేర్పింది చూపండి: జూ కీపర్లకు కొన్ని సూచనలు

జూలో ఏళ్ల తరబడి పనిచేసిన కీపర్‌కు తన పులి నడక చూడగానే దాని ఒంట్లో ఎలా ఉందో తెలిసిపోతుంది. కానీ ఆ తెలివంతా ఆయన తలలోనే ఉండిపోతుంది. ఆయన సెలవు పెడితే ఆ రోజుకు అది లేనట్టే. రిటైరైతే ఆయనతోపాటే ఇంటికి పోతుంది. డాక్టర్‌కూ క్యూరేటర్‌కూ కాగితం మీద కనబడదు కాబట్టి ఆయన పనితనం లెక్కలోకి రాదు. ఈ ఉద్యోగంలో ఎదగాలనుకునేవారు ముందుగా అలవరచుకోవలసింది ఇదే: తమకు తెలిసినది ఇంకొకరు చదివి సరిచూసుకునేలా చేయడం.

2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు తేలింది. శ్వాస ఇబ్బంది కనబడడంతో వాటికి మత్తు ఇచ్చి నమూనాలు తీశారు. పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వాటిని పరీక్షించింది. ఊపిరి సరిగా ఆడని జంతువుకు మత్తు ఇవ్వడం ఏ డాక్టర్‌కైనా ఇబ్బందికరమైన పనే. లక్షణాన్ని తొలిరోజే పట్టుకోవడం, వీలైనన్ని పరీక్షలకు మత్తు అవసరం లేకుండా చేయడం కీపర్ నైపుణ్యం మీద ఎంతగానో ఆధారపడతాయి.

రిపోర్టులో ‘డల్‌గా ఉంది’ చాలదు

రోజువారీ రిపోర్టులో ‘పులి డల్‌గా ఉంది’ అని రాస్తే డాక్టర్‌కు తెలిసేది తక్కువ. ‘ఇచ్చిన మాంసంలో సగం వదిలేసింది, మలం పల్చగా ఉంది, పిలిస్తే నైట్ హౌస్‌లోకి రాలేదు’ అని రాస్తే చికిత్స అక్కడే మొదలవుతుంది. మన జూలలో పులులకు, సింహాలకు వారానికో రోజు తిండి పెట్టకపోవడం వాడుక. వదిలేసిన తిండి గురించి రాసేటప్పుడు అది ఆ రోజుకు ముందా, తర్వాతా అన్నదీ రాయండి.

ప్రవర్తనను కూడా లెక్కించవచ్చు. రోజూ ఒకే వేళకు పది నిమిషాలు నిలబడి, నిమిషానికోసారి ఆ క్షణంలో జంతువు ఏం చేస్తోందో గుర్తు పెట్టండి: పడుకుంది, తింటోంది, వాసన చూస్తోంది, ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోంది, కనబడలేదు. వారం తిరిగేసరికి మీ దగ్గర డెబ్బై గుర్తులుంటాయి. వాటిలో ఇరవై ఐదు ‘అటూ ఇటూ తిరగడమే’ అయితే అప్పుడు ఆలోచించాలి.

ఏదో ఒకటి వేయడం ఎన్‌రిచ్‌మెంట్ కాదు

ఎలుగుబంటి ఎన్‌క్లోజర్‌లో పాత టైరు వేసి రిజిస్టర్‌లో టిక్కు పెడితే పని అయినట్టు కాదు. మన ఎలుగుకు పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే చెదపురుగులను పీల్చుకు తింటుంది. అందుకే దుంగకు రంధ్రాలు చేసి తేనె పూస్తే దాని సహజ విద్యకు పని దొరుకుతుంది. దుంగ పెట్టక ముందు వారం గుర్తులను, పెట్టాక వారం గుర్తులతో పోల్చండి. తేడా లేకపోతే ఇంకొకటి ప్రయత్నించండి. ఉన్నా అదే దుంగను నెలల తరబడి ఉంచకండి, జంతువుకు విసుగొస్తుంది.

శిక్షణ సర్కస్ కాదు

పరీక్షలకు జంతువును అలవాటు చేసే శిక్షణలో విన్యాసాలు ఉండవు, కొరడా అసలే ఉండదు. జంతువు తనంతట తాను జాలీ దగ్గరికి వచ్చి తోక ఆనించి, రక్తం తీయనివ్వడం దీని లక్ష్యం. మొదట విజిల్ ఊదిన వెంటనే మాంసం ముక్క ఇవ్వాలి. విజిల్ వినబడితే తిండి వస్తుందని దానికి అర్థమయ్యేదాకా ఇదే చేయాలి. తర్వాత కర్ర చివర బంతి కట్టి చూపించి, ముక్కుతో తాకగానే విజిల్, ముక్క. ఆపైన బంతి ఎటు కదిపితే అటు నడిపించవచ్చు, స్క్వీజ్ కేజ్‌లోకి, రవాణా పెట్టెలోకి కూడా. రక్తం తీసేది మాత్రం డాక్టరే. సూదికి ముందు అదే చోట వేలితో నొక్కడం, స్పిరిట్ దూది రాయడం అలవాటు చేయాలి.

కొన్ని నియమాలు తప్పకుండా పాటించాలి. ఒకసారి నేర్పడం ఐదు నుంచి పది నిమిషాలు మించకూడదు. మొదట్లో నేర్పేవారు ఒకరే ఉండాలి. శిక్షణ కోసం జంతువును పస్తు పెట్టకూడదు, ఇచ్చే ముక్కలు రోజువారీ మేతలోవే కావాలి. రానంటే వదిలేసి మర్నాడు చూడాలి. అడ్డుగోడ గానీ జాలీ గానీ లేకుండా ఎప్పుడూ చేయకూడదు. డాక్టర్, క్యూరేటర్ అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.

మీ భద్రతా జంతు సంక్షేమమే

క్రాల్ తలుపు తీసే ముందు అన్ని జంతువులూ ఎక్కడున్నాయో లెక్క చూసుకోండి, తాళం లాగి చూడండి. జబ్బుల విషయంలోనూ జాగ్రత్త కావాలి: క్షయ మనిషి నుంచి ఏనుగుకూ, ఏనుగు నుంచి మనిషికీ సోకగలదు. దగ్గుతో పనిలోకి రావడం ధైర్యం కాదు. ఆ విషయం పై అధికారికి చెప్పడమే బాధ్యత.

అవకాశాలు అడిగి తీసుకోవాలి

మన దేశంలో జూలను పర్యవేక్షించేది 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ. అది డైరెక్టర్లు, డాక్టర్లకే కాక, కీపర్లకూ శిక్షణ కార్యక్రమాలు నిర్వహిస్తుంది. వాటికి మీ పేరు పంపమని క్యూరేటర్‌ను రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు మీద పనిచేస్తున్నా అడగడానికి వెనుకాడకండి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఏ కోర్సులు నడుపుతోందో గమనిస్తుండండి. ఈ రంగంలో అందరూ మాట్లాడే అయిదు అంశాలు తెలుసుకోండి: పోషణ, పరిసరాలు, ఆరోగ్యం, ప్రవర్తన, వీటన్నిటి ఫలితంగా జంతువు మనఃస్థితి. మీ రిపోర్టును ఈ అయిదు శీర్షికల కింద రాసినా డాక్టర్‌తో మాట మారుతుంది.

ఎక్కువ జంతువులతో మొదలుపెట్టకండి. ఒక జంతువును, ఒక లక్ష్యాన్ని ఎంచుకోండి. నెల రోజుల గుర్తులు, చేసిన మార్పు, వచ్చిన ఫలితం నాలుగు పేజీల్లో రాసి ఫైలు చేయండి. ఫలితం రాకపోతే అదీ రాయండి, ఎందుకు రాలేదన్న మీ ఊహతో సహా. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ‘ఇన్నేళ్ల అనుభవం ఉంది సార్’ అని ఎవరైనా అంటారు. ఆ అనుభవంతో ఏం చేశారో చూపించే ఫైలు మాత్రం మీ చేతిలో ఉంటుంది.