వెండి తీగలో నెమలి

గుంటూరు సీమలో దూదినుండి నూలు తీసినట్లు, కరీంనగరమున వెండిపనివారు వెండినుండి తీగ తీయుదురు. వెండిని కరగించి కడ్డీగా పోసి, కమ్మచ్చు బెజ్జములగుండ లాగి, వెండ్రుకవలె సన్నము చేయుదురు. రెండు తీగలను పెనవేసి, అదిమి, చుట్టలుగా వంచి, మందపు తీగ చట్రములో పొదుగుదురు. పిదప వెలిగారమును, టంకమును చేర్చి నిప్పుసెగతో అతుకుదురు. సెగ ఒకింత మించెనా, తీగ కరగి, దినములకొలది శ్రమ క్షణములో వ్యర్థమగును.

ఇట్లే నెమళ్లు, పూలు, ఆకులు, అత్తరుబుడ్లు రూపొందును. ఆకులో ఈనె యెట్లు సాగునో, నెమలి మెడ యెట్లు వంగునో మొదట కన్ను గ్రహింపవలెను. పిమ్మట చేయి దానిని అనుసరించును.

2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు పేరును కాపాడును. నేర్పును కాపాడవలసినవారు నేర్చుకొను పిల్లలే. వారు లేనినాడు వెండి మిగులును, నెమలి యెగిరిపోవును.