ఫీల్డ్ గోల్: దూరమా, కోణమా?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫీల్డ్ గోల్ కొట్టే కిక్కర్‌కు దూరం ఎక్కువ ఇబ్బందా, పక్కనుంచి కొట్టాల్సి రావడమా?

జవాబు: దూరమే. కోణం అల్లరి అంతా దగ్గరి కిక్కుల్లోనే.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో గోల్ స్తంభాల మధ్య వెడల్పు 18 అడుగుల 6 అంగుళాలు. 20 గజాల నుంచి సరిగ్గా ఎదురుగా చూస్తే ఆ సందు 17.5 డిగ్రీలు. 40 గజాలకు వెళితే 9 డిగ్రీలు కూడా ఉండదు. పైగా బంతి 10 అడుగుల ఎత్తున్న అడ్డకమ్మీని దాటాలి. దూరం కోసం కాస్త కిందుగా కొడితే ఎదుటివాళ్ల చేతులకు చిక్కే ప్రమాదం. గాలి సంగతి సరేసరి!

ఇక కోణం. ఆట అంచున ఆగినా బంతిని దగ్గరి హ్యాష్ మార్కుకు (మైదానం పొడవునా వరుసగా ఉండే చిన్న గీతలకు) తెస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆ గీతల మధ్య ఎడం కూడా 18 అడుగుల 6 అంగుళాలే. అంటే ఎంత పక్కకు జరిగినా బంతి ఒక స్తంభానికి ఎదురుగానే ఉంటుంది. కాలేజీ ఆటలో ఈ ఎడం 40 అడుగులు. అక్కడ 20 గజాల కిక్కును గీత మీద నుంచి కొడితే సందు 15.8 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. 50 గజాల నుంచైతే తేడా డిగ్రీలో ఎనిమిదో వంతే.

మళ్లీ దూరం సంగతికొస్తే, 2015లో ఎన్ఎఫ్ఎల్ టచ్‌డౌన్ తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్కును దాదాపు 20 గజాల నుంచి 33 గజాలకు జరిపింది. అంతవరకూ నల్లేరు మీద నడకలా సాగిన కిక్కులు గురి తప్పడం మొదలైంది.

2021లో డెట్రాయిట్‌లో ఎన్ఎఫ్ఎల్ కిక్కర్ జస్టిన్ టక్కర్ కొట్టిన 66 గజాల కిక్కు అప్పటికి రికార్డు. ఆ బంతి అడ్డకమ్మీకి తగిలి, ఎగిరి అవతల పడింది.