తూము ఆడేవాళ్ల చేతికివ్వు

చి.ల.సౌ. చిట్టికి,

నువ్వు పంపిన అరవై పేజీలూ చదివాను. కాకతీయుల కాలం, పాకాల చెరువు కట్టిన రోజులు, మూడు తరాల సామంతుల పగ, గుళ్లో దాచిన రాగిరేకు. ఊహకి కొదవలేదు నీకు. వాక్యం కూడా బిగువుగా నడిచింది. దీన్ని వీడియో గేమ్‌గా చేస్తానన్నావు, గేములకి కథలు రాయడమే వృత్తిగా పెట్టుకుంటానన్నావు, ఎలా నేర్చుకోవాలో చెప్పమన్నావు. ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

చదువుతున్నంతసేపూ నీ పేజీల్లో ఒక్కటే వెతుక్కున్నాను: ఇందులో ఆడేవాళ్లకి పనేమిటి? అది కనబడలేదు. గుండె రాయి చేసుకుని అక్క తమ్ముణ్ణి విడిచి వెళ్లిందని రాశావు. నవలకి ఆ వాక్యం చాలు. గేములో గుండె రాయి చేసుకోవాల్సింది కంట్రోలర్ పట్టుకున్న మనిషి. ఆ మనిషి వేలు ఏ బటన్ మీద ఉంది, నొక్కితే ఏమవుతుంది, నొక్కకుండా కూర్చుంటే ఏమవుతుంది అన్నది ముందు రాయాలి. సంభాషణలు ఆ తర్వాత.

2013లో వచ్చిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ సంపాదించి ఆడు. స్వీడన్ సినిమా దర్శకుడు జోసెఫ్ ఫారెస్ చేసిన గేమ్ అది. జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయల్దేరతారు. కంట్రోలర్‌లో ఎడమ స్టిక్కూ దాని పైనున్న ట్రిగ్గరూ అన్నయ్యవి, కుడివైపువి తమ్ముడివి. తల్లి నీళ్లలో మునిగిపోవడం చూసినవాడు కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. లోతు నీళ్లు వచ్చినప్పుడల్లా అన్న వీపు పట్టుకుని దాటతాడు. చివర్లో అన్న చనిపోతాడు. ఇంటికెళ్లే దారిలో మళ్లీ నీళ్లు. తమ్ముడి వైపు బటన్లు ఎన్నిసార్లు నొక్కినా వాడు జంకి ఆగిపోతాడు. అంతసేపూ అన్న కోసం వాడిన ఎడమ ట్రిగ్గర్ నొక్కితే అప్పుడు దిగి ఈదుతాడు. ఆ గేములో పాత్రలు మాట్లాడేది కల్పిత భాష, ఒక్క మాటా అర్థం కాదు. అయినా చనిపోయిన అన్న తమ్ముడిలో ఎలా మిగిలాడో మన వేలికి తెలుస్తుంది. ముగింపు నేను చెప్పేసినా నష్టం లేదు, తెలిసి ఆడినా ఆ బరువు తగ్గదు.

ఇప్పుడు నీ కథకి వస్తాను. అందులో నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన మనిషి ఒకడున్నాడు, చెరువు తూము దగ్గర కూర్చునే నీరటికాడు. నన్నడిగితే నీ గేమ్ అంతా అతనే. ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి తూము తెరిచి మూసే పని అతనిది. వాన తక్కువైన ఏడాది అనుకో. చెరువు సగమే నిండింది. తూము పక్కన ఊరిపెద్ద పొలం, నడిమధ్య నీరటికాడి బావమరిది పొలం, ఆయకట్టు చివర ఒక ఒంటరి ఆడమనిషి పొలం. పొద్దున్నే తూము దగ్గరికి వెళ్లాలి. ఎవరికి, ఎంతసేపు? ఆడేవాళ్ల చేతికి ఈ ఒక్క పని ఇచ్చి చూడు. నువ్వు ఇరవై పేజీల్లో చెప్పిన సామంతుల పగ కూడా తనంతట తానే లోపలికి వస్తుంది: గొలుసుకట్టులో పై చెరువు మత్తడి పారితేనే కదా కింది చెరువు నిండేది, పైవాళ్లు ఆ మత్తడికి అడ్డం కట్టిన రోజున నీ నీరటికాడికి రాజకీయమంటే ఏమిటో తెలుస్తుంది. రాగిరేకు సంగతి ఎవరైనా నీళ్ల కోసం బతిమాలుకుంటూ చెప్పొచ్చు. చరిత్రంతా ముందే వినిపించి ఆట మొదలుపెట్టకు. పని చేస్తుండగా, అవసరం పడినంతే తెలియనివ్వు.

ఇలా ఒకే పనితో కథ నడపడం చూడాలంటే లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ ఆడు. అదీ 2013లోనే వచ్చింది. ఒక నియంత దేశపు సరిహద్దులో నువ్వు పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తావి. ఎంతమందిని చూసి పంపిస్తే అంత జీతం, తప్పులు ఎక్కువైతే కోత. సాయంత్రానికి ఇంటి అద్దె, తిండి, చలికాచుకునే ఖర్చు లెక్క చూసుకోవాలి. ఒకతను సరైన కాగితాలతో వస్తాడు. వెనకాల నా భార్య వస్తోంది, దయ చూడండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం ఉండదు. ముద్ర నీ చేతిలో ఉంది. ఇది మంచి, ఇది చెడు అని గేమ్ నీకు చెప్పదు. దయకి ధర కట్టి ఊరుకుంటుంది. కొత్తవాళ్లు రాసే గేముల్లో ‘ఆ ముసలాయన్ని కాపాడు’, ‘ఆ ముసలాయన్ని దోచుకో’ అని రెండు దారులుంటాయి. దాన్ని నేను ఎంపిక అనను. ఏది ఎంచుకున్నా మనకి కావలసినది ఇంకొకటి చేజారాలి. ఏం చేజారుతుందో ఆడేవాళ్లకి కొంతైనా ముందు తెలియాలి. తెలియకపోతే అది చీట్ల పందెం.

ఇదంతా పరాయి విద్య అనుకోకు. నీ చిన్నప్పుడు చందమామ బేతాళ కథలు చదివి వినిపించాను గుర్తుందా? బేతాళుడి ప్రశ్నకి జవాబు తెలిసి చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడికున్నవి రెండే దారులు, రెండూ నష్టమే. ప్రతి కథా ఆ నియమం దగ్గరికే వచ్చి ఆగుతుంది, ప్రతిసారీ ఆయన నోరు విప్పి ఓడిపోయి మళ్లీ చెట్టు దగ్గరికి నడుస్తాడు. ఆయన ఎలాంటి రాజో మనకి ఎవరూ వర్ణించి చెప్పలేదు, ఆ నియమమే చెప్పింది. వైకుంఠపాళి గీసినవాళ్లూ పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము పెట్టి ఒక మతబోధనంతా గవ్వల చేత చెప్పించారు. ఇలాంటివి మళ్లీ తీసి, కథ కోసం కాకుండా నియమం కోసం చదువు.

కథ శాఖలుగా చీలే సంగతి కూడా చెప్పాలి, కొత్తవాళ్లు ఎక్కువగా మునిగేది అక్కడే. ప్రతి మలుపులో రెండు దారులు పెట్టి, ఏ దారికా దారి విడిగా రాసుకుంటూ పోతే 10 మలుపులకి 1,024 ముగింపులు తేలతాయి. ఏ మనిషీ రాయలేడు, రాసినా ఎవరూ చదవరు. అందుకే దారులు విడిపోయి, కొంతదూరం పోయాక ఒకచోట కలవాలి. కలిసినచోట అందరికీ ఒకే సంఘటన జరుగుతుంది, కానీ అక్కడికి ఎలా వచ్చారన్నది గేమ్ గుర్తుపెట్టుకుంటుంది. నీ నీరటికాడి ఆటలో ఏడో రోజున ఊరంతా కట్ట మీద పంచాయతీ పెడుతుంది, అది ఎవరు ఆడినా తప్పదు. ఎవరు అతని పక్షాన నిలబడతారన్నది మాత్రం అంతకు ముందు ఆరు రోజులూ తూము ఎటు తిరిగిందో దాన్నిబట్టి ఉంటుంది. ఇది వేరియబుల్స్‌తో, అంటే గేమ్ గుర్తుంచుకునే విలువలతో, అయ్యే పని, లెక్కలంటే భయపడాల్సిందేమీ లేదు.

గేమ్ ఎంత బాగా గుర్తుపెట్టుకోగలదో చూడాలంటే ఇంకిల్ స్టూడియో వాళ్ల ‘80 డేస్’ ఉంది, 2014 నాటిది. జూల్ వెర్న్ నవలే ఆధారం. కానీ మనం యజమాని ఫాగ్ కాదు, అతని నౌకరు పాస్‌పర్తూ. పెట్టె సర్దడం, బేరమాడడం, దారి వెతకడం, దొరగారి ఆరోగ్యం చూడడం మన పనులు. కథ ఎవరి చేతుల మీదుగా నడవాలో నిర్ణయించడంలోనే సగం గెలిచారు. మెగ్ జయంత్ ప్రధాన రచయిత్రిగా రాసిన ఆ గేములో 5 లక్షల పైచిలుకు మాటలున్నాయి. ఒకసారి ఆడితే కనబడేది అందులో చాలా చిన్న భాగం. నువ్వు రాసినదాంట్లో ఎక్కువ భాగం ఎక్కువమంది చూడరని ఇప్పుడే మనసు గట్టి చేసుకో. చూడని దారులు ఉన్నాయన్న నమ్మకమే చూసిన దారికి విలువ తెస్తుంది.

ఓటమి కూడా కథలో భాగం కావాలి. 2020లో వచ్చిన సూపర్‌జెయింట్ స్టూడియో వాళ్ల ‘హేడిస్’ ఈ విషయంలో నాకు ఎంతో ఇష్టం. పాతాళం నుంచి పారిపోవాలనుకునే కొడుకు చచ్చిన ప్రతిసారీ తండ్రి ఇంటికే తిరిగొస్తాడు, ఇంట్లోవాళ్లు ఈసారి ఎవరి చేతిలో పోయాడో అడుగుతారు, కబుర్లు ముందుకు సాగుతాయి. అందుకోసం 20,000కి పైగా డైలాగులు రికార్డు చేశారు. ఓడిపోగానే అదే మాట మళ్లీ వినిపించే గేములు ఎంత విసిగిస్తాయో నీకు తెలుసు.

పరికరాల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే వారంలో నువ్వే నేర్చుకుంటావు. ట్వైన్‌తో మొదలుపెట్టు. క్రిస్ క్లిమాస్ 2009లో చేసిన ఉచిత పరికరం. పేజీలు, వాటి మధ్య లంకెలు, అంతే. బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి తెలుగు చక్కగా కనబడుతుంది. చెయ్యి తిరిగాక ఇంక్ అనే స్క్రిప్టు భాష నేర్చుకో. ఇంకిల్ వాళ్లే వాడుకోవడానికి తయారుచేసుకుని 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చారు.

తెలుగులో రాయి. ఇది అభిమానం కొద్దీ చెప్పడం లేదు, ఇందులో చేయాల్సిన పని చాలా ఉంది. ఇంగ్లీషు గేములో ఆడేవాళ్ల పేరు ఖాళీలో పెట్టేస్తే వాక్యం సరిపోతుంది. మనకి ‘వచ్చాడు’, ‘వచ్చింది’, ‘వచ్చారు’ అన్నీ వేరు. పేరు చివర ‘కి’ తగిలిస్తే సీతకి సరిపోతుంది గానీ, రాముడు ‘రాముడుకి’ అయి చెవికి గుచ్చుకుంటుంది. ఊరిపెద్ద మొదటిరోజు నీరటికాణ్ణి ‘ఏరా’ అని, అయిదోరోజు ‘ఏమయ్యా’ అంటే ఏం మారిందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ మార్పుని ఒక వేరియబుల్‌కి కట్టు, అద్భుతంగా ఉంటుంది. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో మన ఒత్తుల్ని, గుణింతాల్ని తనంతట తాను సరిగా కూర్చలేదు, అక్షరాలు చెల్లాచెదురవుతాయి. గోడో 4 ఇంజిన్‌లో ఆ ఇబ్బంది తీరింది. ప్రోగ్రామర్లతో కూర్చున్నప్పుడు ఈ మాట మొదటిరోజే ఎత్తు.

కెనడాలోని టొరంటో నుంచి 2023లో వచ్చిన ‘వెన్బ’ గేమ్ చూశావా? అక్కడికి వలస వెళ్లిన తమిళ తల్లి, చెరిగిపోయిన చేతిరాత వంటల పుస్తకం. పోయిన అక్షరాల్ని ఊహించి మనం వండాలి. వంట సాగుతుండగా కొడుకు భాషకీ ఇంటికీ ఎలా దూరమయ్యాడో తెలుస్తుంది. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ అత్యున్నత బహుమతి దానికే వచ్చింది, తొలి గేమ్ విభాగంలో బాఫ్టా కూడా. ఒక ఇంటి వంటగదిని అంత నిజాయితీగా చూపిస్తే ప్రపంచమంతా కూర్చుని ఆడింది. తెలుగు ఇంటి గురించి అలాంటిది ఎవరో ఒకరు చేయాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఇక ఉద్యోగం. మీ అమ్మ భయం నాకు తెలుసు, అందులో అర్థమూ ఉంది. మన దేశంలో కథ రాయడమొక్కటే పనిగా ఉన్న గేమ్ ఉద్యోగాలు కొద్ది. ఎక్కువ స్టూడియోలు మొబైల్ గేములు చేస్తాయి, లేదా బయటి కంపెనీలకి బొమ్మలు, యానిమేషన్ చేసిపెడతాయి. కాబట్టి రాయడంతో పాటు ఇంకో పని చేతిలో ఉంచుకో: కొద్దిగా ప్రోగ్రామింగ్, లేదా లెవెల్ డిజైన్, లేదా టెస్టింగ్. చేరాక నీకిచ్చే మొదటి రచన మహాకావ్యం కాదు. కాపలావాడు అరిచే నాలుగు మాటలు. వాటిని బార్క్స్ అంటారు. ఒక్కో మాట ఆడేవాళ్లు వందసార్లు వింటారు, అందుకని పొట్టిగా, చమత్కారం లేకుండా, ఒకే సందర్భానికి పది రకాలుగా రాయాలి. అవన్నీ ఎక్సెల్ షీట్లో పెట్టి, ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అంటున్నారో పక్క గడిలో రాయాలి. డబ్బింగ్ చెప్పే మనిషికి తెర కనబడదు, ఆ గడే ఆధారం. ఈ పనిని చిన్నచూపు చూసినవాళ్లెవరూ మా రంగంలో మంచి రచయితలు కాలేదు.

చేసినదాన్ని ఇతరుల చేత ఆడించు. పక్కన కూర్చో, నోరు మాత్రం విప్పకు. వాళ్లు తప్పుదారి పడితే సాయం చేయకు, ఎక్కడ ఆగారో, ఏది చదవకుండా దాటేశారో రాసుకో. గేములు బొత్తిగా తెలియనివాళ్ల చేత ఆడిస్తే మరీ మంచిది. జనవరిలో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది, 2009 నుంచీ ఉన్నది. కొత్త మనుషులతో కలిసి రెండు మూడు రోజుల్లో ఒక గేమ్ పూర్తి చేయడం అక్కడ నేర్చుకోవచ్చు. పూర్తి చేయడం అన్నమాట మర్చిపోకు. అరవై పేజీల పథకం కన్నా ముగిసిన పది నిమిషాల ఆట నీ గురించి ఎక్కువ చెబుతుంది, ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగేదీ అదే.

అరవై పేజీల్ని పారేయకు, పెట్టెలో పెట్టు. మూడు పొలాలు, ఏడు రోజులు, ఒక తూము. బొమ్మలక్కర్లేదు, సంగీతమక్కర్లేదు. ట్వైన్‌లో చేసి దసరాలోగా నాకు పంపించు. నేను ఆడతాను, మీ అమ్మ చేత కూడా ఆడిస్తాను, మేమిద్దరం ఎక్కడెక్కడ ఆగామో వివరంగా రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ