తెమడ రాని పిల్లలకు టీబీ టెస్టు ఎలా?

మా చిన్నమ్మ వాళ్ళది మెట్‌పల్లి. ఇంట్లో బీడీలు చేస్తది. ఆమె బిడ్డకు ఆరేళ్ళప్పుడు దగ్గు పట్టుకుని నాలుగు నెలలు వదల్లేదు. సిరప్పులు మార్చుడు, దవాఖాన మార్చుడు. "అక్కా, పోరి తింటలేదు, రాత్రయితే ఒళ్ళు కాలుతది" అని మా అమ్మకు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టర్ టీబీ అని అనుమానపడి తెమడ టెస్టు రాశారు. ఆరేళ్ళ పిల్ల తెమడ ఉమ్ముతదా? మింగేస్తది. అందుకని పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, మింగిన తెమడను బయటికి తీశారు. పిల్ల చేతులు పట్టుకున్నది నేనే. అప్పుడు నాది ఎనిమిదో తరగతి.

రిపోర్టులో ఏమీ దొరకలేదు. అయినా ఆ డాక్టర్ ఎక్స్‌రే చూసి, అంతకుముందు ఏడాది ఇంట్లో తాతకు టీబీ వచ్చిందని తెలుసుకుని మందులు మొదలుపెట్టారు. ఆరు నెలల్లో చెల్లె కోలుకుంది. ఇక్కడ రోగాన్ని పట్టింది టెస్టు కాదు, డాక్టర్ అనుభవం. అది లేని చోట ఏం జరుగుతది అనే ప్రశ్నతోనే ఈ వ్యాసం.

పిల్లల టీబీలో చిక్కు ఏమిటంటే, ఒంట్లో క్రిములు చాలా తక్కువ ఉంటాయి. మైక్రోస్కోపుకు, జీన్‌ఎక్స్‌పర్ట్‌కు కూడా చాలాసార్లు దొరకవు. మరి చేతి మీద సూది వేసి వాపు కొలిచే టెస్టు? అది "ఈ ఒంటికి టీబీ క్రిమి పరిచయమే" అని మాత్రమే చెప్తది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా వల్ల కూడా ఉబ్బొచ్చు. ఇంటర్‌ఫెరాన్-గామా కొలిచే రక్తపరీక్షకు బీసీజీతో గొడవ లేదు గానీ, నిద్రపోతున్న ఇన్ఫెక్షన్‌కూ ఇప్పుడు నడుస్తున్న రోగానికీ తేడా అది కూడా చెప్పలేదు.

ఆ తేడా చెప్పగలిగేవి మన రక్షణ కణాలే. టీబీ క్రిమిని గుర్తుపట్టే సీడీ4 టీ-కణాల మీద సీడీ27 అనే ప్రోటీన్ ఉంటుంది. రోగం చురుగ్గా ఉన్నప్పుడు ఆ కణాలు దాన్ని పోగొట్టుకుంటాయి. దానికి తిరుగుగా సీడీ38, హెచ్ఎల్ఏ-డీఆర్ అనే ఉద్రేక గుర్తులు పెరుగుతాయి, మందులు పనిచేస్తే తగ్గుతాయి. అంటే కణం ఒంటి మీద యూనిఫాం చూసి, ఇది రిటైరయిన సిపాయా, డ్యూటీలో ఉన్నదా అని చెప్పొచ్చన్నమాట.

చూసే పద్ధతి మన ఈసీఈ వాళ్ళకు బాగా నచ్చుతుంది. రక్తాన్ని టీబీ ప్రోటీన్లతో ఒక రాత్రి ఉంచుతారు. క్రిమిని ఎరిగిన కణాలు ఇంటర్‌ఫెరాన్-గామా తయారు చేస్తాయి. తర్వాత ఒక్కో గుర్తుకు ఒక్కో రంగులో వెలిగే యాంటీబాడీ అంటించి, ఫ్లో సైటోమీటర్‌లో కణాలను వరసగా ఒక్కొక్కటే లేజర్ ముందు నుంచి పంపుతారు. వచ్చిన వెలుతురును డిటెక్టర్లు కరెంటుగా మారుస్తాయి. క్రిమిని ఎరిగిన కణాల మీది సీడీ27 వెలుతురును మొత్తం సీడీ4 కణాలతో పోల్చి ఒక నిష్పత్తి కడతారు. ఎక్కడ గీత గీయాలన్నది అచ్చంగా మన థ్రెషోల్డ్ సమస్యే.

2014లో టాంజానియా పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చింది. కల్చర్‌లో టీబీ ఖాయమైన 18 మందిలో 15 మందిని పట్టింది, అంటే 83.3 శాతం. టీబీ లేని పిల్లల్లో 96.8 శాతం మందిని సరిగ్గా "లేదు" అంది. చదవగానే నాకు ఉత్సాహం వచ్చింది, ఆ వెంటనే 18 అనే అంకె కనిపించి కొంచెం చల్లారింది. లెక్క కూడా వేసి చూశాను. అనుమానంతో వచ్చిన 1000 మందిలో 100 మందికే నిజంగా టీబీ ఉందనుకుందాం. ఈ టెస్టు 83 మందిని పడుతుంది, 17 మందిని వదిలేస్తుంది. రోగం లేని 900 మందిలో 29 మందికి ఉత్తపుణ్యానికి "ఉంది" అంటుంది. డాక్టర్ కన్ను అప్పుడూ కావాల్సిందే.

తెలుగు నేల మీదా ఇలాంటి వెతుకులాట జరిగింది. చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతంలో బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు వేల మంది పసిపిల్లలను, బడి పిల్లలను వెంబడి చూశారు. అక్కడి చిన్నపిల్లల రక్తంలో ఐపీ-10 అనే ప్రోటీన్‌ను, కొన్ని జన్యువుల కదలికను కొలిచారు. ఇవి కణం మీది గుర్తులు కావు, కణాలు పంపే కబుర్లు. వెతికేది మాత్రం ఒక్కదాన్నే.

మన వైపు సంగతి వేరే. హెచ్‌ఐవీ రోగులకు సీడీ4 లెక్కించే చిన్న సైటోమీటర్లు ఏఆర్‌టీ సెంటర్లకు వచ్చాయి. అవి కణాలను లెక్కపెట్టడానికి చేసినవి. ఈ పనికి నాలుగైదు రంగులు ఒకేసారి చదవాలి. యాంటీబాడీలకు ఫ్రిజ్, రక్తానికి రాత్రంతా ఇంక్యుబేటర్, ఫలితం చదవడానికి తెలిసిన మనిషి. ఉట్నూరు ఏజెన్సీలో ఒక వానాకాలం రాత్రి కరెంటు ఎన్నిసార్లు పోతదో అక్కడి మిత్రులను అడగండి. లేజర్ల బదులు చవకైన ఎల్‌ఈడీలు, గుర్తులు రెండుకు తగ్గించడం, గీత గీసే పని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం లాంటివి మన ప్రాజెక్టులకు పనికొచ్చే ప్రశ్నలే. ఏటేటా పార్కింగ్ సెన్సార్లే చేయాలని రూలేం లేదు కదా.

చెల్లె ఇప్పుడు ఎనిమిదో తరగతి. దసరాకు పోయినప్పుడు ఇదంతా బొమ్మ గీసి చెప్పిన. అంతా విని, "అయితే రక్తం ఇస్తే సాలా అన్నా? ముక్కుల గొట్టం ఎయ్యరా?" అని అడిగింది.

"ఎయ్యరు. కని ఆ టెస్టు మన తాన ఇంకా లేదు" అన్న.