సంగటి తెడ్డు తిరిగేంత వంటిల్లు

ఈ మధ్య మా వైపు ఎవరు ఇల్లు కట్టినా ఫోన్లో వంటింటి ఫొటోలు పెట్టుకొని నా దగ్గరికి వస్తున్నారు. ఎల్ ఆకారమా, యూ ఆకారమా, మధ్యలో గట్టు ఉండాలా, హాల్లోకి తెరిచి ఉంచాలా అని అడుగుతారు. జమ్మలమడుగు పక్క పల్లెలో మట్టి మిద్దెలో పొయ్యి ఊదినదాన్ని, కర్నూల్లో బాడుగ ఇండ్లలో వండినదాన్ని, కడపలో సొంతిల్లు కట్టించుకున్నదాన్ని. నేను చెప్పేవి ఎండ, దుమ్ము, ఉప్పునీళ్లు ఉన్న మన సీమకు సరిపోయేవి. కోస్తా వాళ్లకు వీటిలో కొన్ని అక్కర్లేదు.

1. ముందు వారం వంట రాయండి

డిజైన్ల పుస్తకం తెరవకముందు ఒక కాగితం తీసుకొని సోమవారం నుంచి ఆదివారం దాకా మీ ఇంట్లో ఏం వండుతారో రాయండి. మా ఇండ్లలో అయితే ఉగ్గాని బజ్జీ, కారం దోసె, అన్నం పప్పు, చెనిక్కాయల చట్నీ, వారానికి రెండు మూడు పూటలు జొన్నరొట్టె, ఆదివారం రాగిసంగటి, నాటుకోడి పులుసు. వీటిలో వంటింటి రూపాన్ని తేల్చేవి రెండే: సంగటి, రొట్టె. మిగతావి ఏ వంటింట్లోనైనా ఉడుకుతాయి.

సంగటి ఎట్లా చేస్తామో గుర్తు చేసుకోండి. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో కెలకాలి. ఉండ కట్టకుండా కెలకడానికి చేతి బలం చాలదు. భుజం దించాలి, నడుము వంచాలి. కట్టెల పొయ్యి కాలంలో గిన్నె దించుకొని, గుడ్డ చుట్టి, పీట మీద కూర్చొని పాదాలతో అదిమిపట్టి కెలికేవాళ్లం. 1999లో దీపం పథకం మొదలై పల్లెల్లోకి గ్యాసు వచ్చినాక కూర్చొని చేసే వంట నిలబడి చేసేదయింది. కానీ సంగటి గిన్నె ఎత్తు గురించి ఎవరూ ఆలోచించలేదు.

లెక్క వేసి చూడండి. మేస్త్రీలు మామూలుగా పెట్టే గట్టు 33 అంగుళాలు. దాని మీద స్టవ్ 5, స్టవ్ మీద గిన్నె 9. మొత్తం 47 అంగుళాలు. ఐదడుగుల ఆడమనిషికి మోచెయ్యి నేల నుంచి సుమారు 37 అంగుళాల దగ్గర ఉంటుంది. గిన్నె అంచు ఆమెకు దాదాపు భుజాల దాకా వస్తుంది. తెడ్డు పట్టుకొని చేతులు పైకెత్తి కెలికితే ఆ సాయంత్రం ఆ భుజాలకు అమృతాంజనం పట్టాల్సిందే.

అందుకని గట్టుకు ఒక చివర రెండున్నర అడుగుల పొడవున, 18 నుంచి 20 అంగుళాల ఎత్తున చిన్న గట్టు కట్టించండి. ఒక్క బర్నరు పొయ్యికి గ్యాసు పైపు అక్కడికి కూడా రావాలి. 20, 5, 9 కలిపితే 34. మోచేతికి కిందనే ఉంటుంది, ఒంటి బరువంతా తెడ్డు మీద పడుతుంది. పండగలకు పెద్ద బోకులు పెట్టుకోవాలన్నా, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ స్టూలు మీద కూర్చొని రొట్టెలు తట్టాలన్నా ఇదే పనికొస్తుంది. “పెద్దమ్మా, గట్టు రెండెత్తులుంటే చూడ్డానికి బాగుండదమ్మా” అని మేస్త్రీ అంటాడు. అననీయండి.

పెద్ద గట్టుకు మాత్రం 33 అనే అంకె పట్టుకొని కూర్చోవద్దు. రోజూ వండే మనిషిని నిలబెట్టి మోచెయ్యి ఎత్తు కొలిచి, అందులో నాలుగైదు అంగుళాలు తగ్గించండి. మగవాడు వండే ఇల్లయితే అతన్ని నిలబెట్టండి, సిగ్గేమీ లేదు.

రొట్టె సంగతి ఇంకొక్క మాట. రొట్టె తట్టే చోటుకూ పెనానికీ మధ్య సింకు రాకూడదు. అరచేతుల మీద పచ్చి రొట్టె పట్టుకొని సింకు మీదుగా చెయ్యి చాపితే అది విరిగి నీళ్లలో పడుతుంది. పొయ్యి పక్కనే మూడడుగులు ఖాళీ బండ వదలండి, అక్కడ మిక్సీ కూడా పెట్టొద్దు.

2. మన బండను ఎక్కడ వాడాలో అక్కడ వాడండి

పుణె, బొంబాయి వైపు వంటింటి గట్టుకు, అరలకు వేసే నల్లరాయిని ‘కడప్పా’ అనే అంటారు. మన ఊరు పేరు వాళ్ల వంటిండ్లలో ఉంది. మనవాళ్లేమో చీమకుర్తి గ్రానైటు తెచ్చుకుంటారు. దీంట్లో తప్పూ ఉంది, ఒప్పూ ఉంది.

కడప నల్లబండ, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు దొరికే నాపరాయి, అన్నీ సున్నపురాయి జాతే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ చూసి రాసిన బెలుం గుహలు కొలిమిగుండ్ల దగ్గరే ఉన్నాయి కదా. వాననీళ్లలో ఉండే కొద్దిపాటి ఆమ్లం వేలాది ఏండ్లు సున్నపురాయిని కరిగిస్తే ఏర్పడిన గుహలవి. వంటింట్లో ఆ పని చింతపండు రసం, నిమ్మకాయ, పుల్లమజ్జిగ ఇంకా తొందరగా చేస్తాయి. పాలిష్ పట్టిన నల్లబండ ముక్క మీద నిమ్మచెక్క పిండి ఒక రాత్రి ఉంచండి. పొద్దునకు అక్కడ మెరుపు పోయి బూడిదరంగు మచ్చ పడి ఉంటుంది. కొబ్బరినూనె రుద్దితే నాలుగు రోజులు కనబడదు, మళ్లీ తేలుతుంది. సింకు తళతళలాడాలని బాత్రూం యాసిడ్ పోసేవాళ్లుంటారు. ఆ చుక్క బండ మీద పడితే నురగ వస్తుంది.

అందుకే పొయ్యి చుట్టూ, సింకు చుట్టూ గ్రానైటు వేయండి. అరలకు, గట్టు కింద గూళ్లకు, బియ్యం డ్రమ్ము కింద, నీళ్ల క్యాన్ల కింద మన నాపబండే వేయించండి. దానికి చెదలు పట్టవు, తడికి ఉబ్బదు, యాభై ఏండ్లయినా వంగదు. పైగా ధర తక్కువ, మన క్వారీల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో మనవాళ్లకు కూలి దొరుకుతుంది.

బండ అర పెట్టించేటప్పుడు దగ్గరుండి చూడండి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న బండ దాదాపు 75 కిలోలు తూగుతుంది. గోడలో రెండంగుళాల లోతు గాడి కొట్టి, గాడిని నీళ్లతో తడిపి, సిమెంటు గట్టిగా కూరి, బండను దూర్చి, కింద కట్టె ఆధారం పెట్టి వారం రోజులు కదపకుండా ఉంచాలి. పని తొందరలో మేస్త్రీలు అంగుళం గాడితో సరిపెడతారు. ఇంకొకటి, సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. కొనేటప్పుడు అంచు మీద గోరు పెట్టి గీరి చూడండి. పొర లేస్తే ఆ బండ వద్దు. సుత్తి పిడితో తట్టినప్పుడు ఖంగుమంటే తీసుకోండి, దబ్బుమంటే లోపల చీలిక ఉన్నట్టు.

3. త్రికోణాన్ని నమ్ముకోవద్దు

డిజైనరు పిల్లలు వచ్చి పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య త్రికోణం గీస్తారు. ఆ లెక్క అమెరికా నుంచి వచ్చింది. దానికి ముందే, 1926లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి కూలీల ఇండ్ల కోసం ఒక చిన్న వంటిల్లు గీసింది. వెడల్పు ఆరడుగులకు కొంచెం ఎక్కువ, పొడవు పదకొండడుగులు. రైలు భోజన పెట్టెల్లోని వంటగదిని చూసి, ఆడమనిషి వేసే ప్రతి అడుగూ లెక్కగట్టి గీసిందట. అట్లాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఇప్పటి మాడ్యులర్ వంటింటికి అదే అమ్మమ్మ. ఆమె దాన్ని గీసేనాటికి తానెప్పుడూ వంట చేయలేదని తర్వాత చెప్పుకుంది.

ఒక్క మనిషి, ఒక్క పొయ్యి, ఇరవై నాలుగు గంటలు కొళాయి ఉన్న ఇంటికి ఆ లెక్క బాగానే ఉంటుంది. మనకు ఫ్రిజ్ కన్నా పెరటి తలుపు ముఖ్యం. కరివేపాకు అక్కడ, బోకులు తోమే బండ అక్కడ, ఎండబెట్టిన మిరపకాయలు అక్కడ. దగ్గర దగ్గరగా ఉండాల్సినవి పొయ్యి, రుబ్బుకునే చోటు, పెరటి తలుపు. ఫ్రిజ్ నాలుగడుగులు దూరమున్నా ప్రాణం పోదు.

ఇద్దరు కలిసి వండే ఇంట్లో రెండు గట్ల మధ్య నాలుగడుగులు వదలాలి. ఎనిమిదికి పది గదిలో ఎల్ ఆకారమే నయం. యూ ఆకారం పెడితే రెండు మూలల్లో చెయ్యి పెట్టలేని చీకటి గూళ్లు మిగులుతాయి, బొద్దింకలు అక్కడ సంసారం పెడతాయి. మధ్యలో దీవిలాంటి గట్టు కావాలనేవాళ్లకు పదహారడుగుల గది ఉంటే సరే, లేకపోతే దాని చుట్టూ ప్రదక్షిణం చేయడమే పని.

4. నీళ్లు రెండు రకాలు, చోట్లు రెండు

మన ఇండ్లలో వాడుక నీళ్లు వేరు, తాగే నీళ్లు వేరు. బోరు నీళ్లతో కొళాయి మూతికి తెల్లటి పెచ్చు కట్టి ఆరు నెలలకు ధార సన్నబడుతుంది. కాబట్టి కొళాయి మూతి విప్పి కడుక్కునే రకం కొనండి, గోడలోకి పూడ్చే ఫ్యాన్సీ కొళాయిలు వద్దు. ఇరవై లీటర్ల క్యాన్లు, బిందెలు పెట్టడానికి వాకిలి వైపు, మోకాలెత్తున, ఒక బండ ముందే అనుకోండి. క్యాన్లు తెచ్చే పిల్లోడు పొయ్యి దాటి లోపలికి రావాల్సిన పని ఉండకూడదు. ఎండాకాలం కొళాయి రోజు విడిచి రోజు వస్తే డ్రమ్ము ఎక్కడ పెడతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొత్తింటి ఫొటోల్లో డ్రమ్ము కనబడదు, ఇంట్లో కనబడుతుంది.

5. పొగ, గాలి, వాస్తు

మట్టి మిద్దెలో పొయ్యికి సరిగ్గా పైన గవాచి ఉండేది. పొగ నేరుగా పైకి పోయేది, వానొస్తే పైన బండ మూసేవాళ్లు. ఇప్పటి చిమ్నీ చేసేదీ అదే పని, కరెంటు ఖర్చుతో. పైపు ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత బాగా లాగుతుంది. వంపు వంపుకూ లాగే బలం తగ్గుతుంది. గోడ కట్టేటప్పుడే ఆరంగుళాల రంధ్రం వదలండి. ఆ రంధ్రం పడమటి గోడకు మాత్రం వద్దు. మృగశిర కార్తె నుంచి పడమటి గాలి ఊపందుకుంటే పొగను మళ్లీ లోపలికే తోస్తుంది, దుమ్ము ఉచితం.

వాస్తు సిద్ధాంతులు ఆగ్నేయంలో పొయ్యి, తూర్పు ముఖంగా వంట అంటారు. ఎందుకో వాళ్లు చెప్పేది నాకు పట్టదు కానీ, మన గాలికి అది కుదురుతుంది. పడమర, నైరుతి నుంచి వీచే గాలి ఆగ్నేయం మూలలోని పొగను ఇంట్లోకి కాకుండా బయటికి తీసుకుపోతుంది. మేలో 42, 43 డిగ్రీల ఎండలో సాయంత్రం పడమటి గోడ కాలుతున్నప్పుడు వంటిల్లు అటువైపు లేకపోవడమే మేలు. ఆగ్నేయం దొరికింది కదా అని కిటికీ మూసేస్తే మాత్రం ఆ శాస్త్రం ఎవరినీ కాపాడదు.

హాల్లోకి తెరిచిన వంటిల్లు కావాలని పిల్లలు పట్టుబడతారు. ఉల్లికారానికి ఎండుమిరపకాయలు వేయిస్తే హాల్లో కూర్చున్న వియ్యపురాలు దగ్గుతుంది. ఎండాకాలం హాల్లో కూలరు వేస్తే ఆ గాలికి స్టవ్ మంట పక్కకు వంగుతుంది, చిన్న మంటైతే ఆరిపోతుంది, గ్యాసు వస్తూనే ఉంటుంది. గోడ వద్దనుకుంటే అద్దాల జారుడు తలుపు పెట్టించుకోండి.

6. సిలిండరు

వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే నేల మీదికి దిగుతుంది, పైనున్న ఎగ్జాస్టు ఫ్యాను దాన్ని లాగలేదు. గట్టు కింద తలుపులు పెట్టించేవాళ్లు 14.2 కిలోల సిలిండరు ఉన్న అరకు నేలను ఆనుకొని జాలీ పెట్టాల్సిందే. సిలిండరు నిలువుగా ఉండాలి, స్టవ్ దానికి పైన ఉండాలి. చిన్న గట్టు మీద పొయ్యి పెడతామన్నాను కదా, దాని సిలిండరు పెద్ద గట్టు కింద కాదు, పెరటి గోడ అవతల నీడలో నిలబెట్టి పైపుతో తీసుకురండి. ఆ సిలిండరు మొత్తం ఎత్తు కన్నా చిన్న గట్టు మీది స్టవ్ తక్కువలో ఉంటుందేమో ముందే కొలిచి, తక్కువైతే గ్యాసు ఏజెన్సీ వాళ్లను అడగండి. సిలిండరు కోసం నేలలో గుంత మాత్రం తీయొద్దు, లీకైన గ్యాసు అక్కడే నిలుస్తుంది.

7. చెక్క

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. అట్లాంటి వరద తీసినాక పార్టికల్ బోర్డుతో చేసినవేవీ మిగలవు. అది ఉబ్బి పొట్టు రాలుతుంది. వరద రాకపోయినా సింకు కింద రోజూ చిన్న వరదే. సింకు కింద బండ గూడు తప్ప చెక్క పెట్టొద్దు. మిగతా చోట్ల ప్లైవుడ్ మీద 710 అనే ఐఎస్ నంబరు ముద్ర చూసి కొనండి, అది నీళ్లకు తట్టుకునే రకం. 303 ముద్ర ఉన్నది పై అరలకు చాలు.

సొరుగులు ఎన్ని కావాలని అడిగితే నాలుగు చాలంటాను. కర్నూలు సోనా బియ్యం 25 కిలోల మూట, జొన్నల సంచి, పండుమిరపకాయల పచ్చడి జాడీ సొరుగులో పట్టవు. వాటికి తలుపు కూడా లేని లోతైన గూడు కావాలి, గాలి తగలాలి.

8. రంగు

మెరిసే తెల్లరంగు మీద పసుపు చెయ్యి, ఎర్రదుమ్ము రెండూ కనబడతాయి. గోధుమరంగు, నాపరాయి బూడిదరంగు మన ఊర్లకు సరిపోతాయి. ఇంతకు మించి రంగు గురించి నాకు అభిప్రాయం లేదు.

9. ముగ్గుపిండితో గీసి చూడండి

గోడలు లేచి, నేల ఇంకా గచ్చుగానే ఉన్నప్పుడు వంటింటి కొలతలన్నీ నేల మీద ముగ్గుపిండితో నిజం సైజులో గీయండి. ఫ్రిజ్ ఉన్నచోట కుర్చీ వేసి, తలుపు తెరుచుకునేంత మేర ఒక అర్ధచంద్రం గీయండి. సింకు చోట బకెట్టు పెట్టండి. చిన్న గట్టు చోట పాత డబ్బా బోర్లించి దాని మీద సంగటి గిన్నె ఉంచి, తెడ్డు చేతికిచ్చి నిజంగానే తిప్పి చూడమనండి. తెడ్డు పిడి వెనకగోడకు తగిలితే గట్టును నాలుగంగుళాలు ముందుకు జరపాలి. ఇక అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అటూ ఇటూ నడవాలి, ఒకరు ఎసరు దించినట్టు, ఒకరు పెరట్లోకి పోతున్నట్టు. ఢీకొన్న చోట గీత చెరిపి మళ్లీ గీయండి. మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ పొయ్యి ఎక్కడ వస్తాయో ఆ గోడల మీద బొగ్గుతో గుర్తు పెట్టి, ఇండక్షన్ చోట 16 ఆంప్స్ ప్లగ్గు రాయండి. ఇదంతా కరెంటు మనిషి గోడలు కొట్టకముందే జరగాలి.