బందరు హల్వా – ఓడలు మిగిల్చిన రుచులు

విజయవాడ నుండి మన కంకిపాడు మీదుగా సాగు మార్గమును అందరును బందరు రోడ్డు అందురు. 'బందర్' అను పదము పారసీకము. రేవు అని దాని అర్థము. ఆ మాటను తెచ్చిన వర్తకులు పోయి చాల కాలమైనది. మాట మాత్రము మన బస్సుల నొసట నేటికిని నిలిచియున్నది.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలమున మచిలీపట్నము ఆ రాజ్యపు ప్రధానమైన రేవు. పారసీక వర్తకులు అచ్చట నివసించిరి. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు అచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటల పేర్లే అందుకు సాక్ష్యము.

వారు ముఖ్యముగా మన అద్దకపు బట్టలకై వచ్చిరి. ఆ రాకపోకల గుర్తులు వంటయింట కూడ కలవు. బందరు నల్లహల్వానే చూడుడు. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, తేర్చి, బెల్లపు పాకమున పోసి, నేయి చేర్చుచు గంటల తరబడి కలియబెట్టుదురు. చేయి ఆపిన అడుగంటును! హల్వా అను పేరు అరబ్బీ. గోధుమ ఉత్తరదేశపు ధాన్యము. బెల్లమో, మన ఉయ్యూరు ప్రాంతపు చెఱకు. వరి పండు సీమలో గోధుమ మిఠాయికి ఇంత ప్రసిద్ధి కలుగుట వింతయే. బుందేల్‌ఖండము నుండి వచ్చిన బొందిలీ కుటుంబములవారు దీనిని, తొక్కుడు లడ్డును తెచ్చిరని బందరువారు చెప్పుదురు. ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

వసతిగృహములలో 'అది వారి తిండి' అను మాట అప్పుడప్పుడు వినవచ్చును. అట్లనువారు ముందుగా తమ కంచములోని పచ్చడిని విచారింపవలెను. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారు దానిని మన దేశమునకు తెచ్చిరి. మిరియమువలె ఘాటైనది కనుక మిరపకాయ అయినది. అనాస అను పేరును వారి భాషలోనిదే. ఇన్ని విదేశపు సరకులను తొలగించినచో మన విస్తరిలో ఏమి మిగులునో నాకు తోచదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తగా సుమారు 30,000 మంది మరణించిరి. అప్పటికే క్షీణించుచున్న రేవు పూర్వవైభవమును మరల పొందలేదు. హల్వా బట్టీలు మాత్రము ఆరిపోలేదు. బందరు నుండి వచ్చు బస్సులో ఎవరి ఒడిలోనైనను నేతిమరకల పొట్లము కనిపించినచో, అది పండుగకో, పెండ్లికో, పురిటికో కావచ్చును. ఆ ఇంటివారు ఏ మతస్థులో మాత్రము ఆ పొట్లమును బట్టి చెప్పజాలము.